పాత ఫోనులోని కార్డు కొత్త ఫోనులోకి వచ్చిందా?

ప్రశ్న: క్రెడిట్ కార్డును గూగుల్ పేలో ఎప్పుడో చేర్చినట్టు గుర్తు. ఇప్పుడు ఫోను మార్చాను. కార్డు అందులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: యాప్ తెరిచి మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. చెల్లింపు పద్ధతుల్లో బ్యాంకు పేరు, కార్డు చివరి నాలుగంకెలు కనిపిస్తే చేరినట్టే. అయితే, ఫోను తాకించి చెల్లించే సదుపాయం ఏ ఫోనుకు ఆ ఫోనుదే. అసలు కార్డు నంబరుకు బదులు ఆ పరికరానికంటూ ఒక టోకెన్ ఇస్తారు. అది కొత్త ఫోనులోకి దానంతటదే రాదు, ఓటీపీతో మళ్లీ ధ్రువీకరించాలి. ఈ ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి. చెబితే మీ కార్డు వాళ్ల ఫోనులో చేరిపోతుంది. పాత ఫోను ఇప్పటికే చేతులు మారిందా? వెంటనే బ్యాంకుకు చెప్పి అందులోని టోకెన్ రద్దు చేయించండి.