తయారీ నిలిచిన బల్ల రంపానికి విడిభాగాల అన్వేషణ

యంత్రానికి ఆయుర్దాయాలు రెండు. ఒకటి దాని ఇనుముది. రెండవది దానిని తయారుచేసిన సంస్థది. ఈ రెండూ ఒకేసారి ముగియడం అరుదు. పోత ఇనుముతో చేసిన బల్ల రంపం, అనగా వర్క్‌షాపులలో టేబుల్ సా అని పిలువబడే యంత్రం, శ్రద్ధగా వాడితే అర్ధ శతాబ్దం పైగా పనిచేయగలదు. కాని ఆ నమూనా తయారీ అంతకు చాలా ముందే నిలిచిపోవచ్చును. అటు తరువాత ఒక బేరింగు అరిగినా, ఒక పిడి విరిగినా యజమాని తయారీదారుకు వ్రాస్తాడు. ఆ భాగం ఇక లభ్యం కాదని జవాబు వస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఎన్నో మంచి యంత్రాలను పాత ఇనుము కొట్టుకు పంపుతున్నారు. వడ్రంగికి అది జీవనాధారం. విద్యాలయానికి మరల సమకూర్చుకోవడం దుర్లభమైన ఆస్తి. కనుక ఆ జవాబు ఎంతవరకు సత్యమో విచారించవలసి ఉన్నది.

అమెరికా దేశపు డెల్టా సంస్థవారి యూనిసా అనే బల్ల రంపాన్ని ఉదాహరణగా తీసుకొందాం. 1919లో మిల్వాకీ నగరంలో హెర్బర్ట్ టౌట్జ్ స్థాపించిన ఈ సంస్థ 1930ల చివరి భాగంలో యూనిసాను విడుదల చేసింది. పది అంగుళాల బ్లేడు, దానిని వాల్చగల ఇరుసు, మోటారును తనలో దాచుకొన్న పెట్టె, బ్లేడు ఇరుసును త్రిప్పే మూడు బెల్టులు దాని లక్షణాలు. 1945లో సంస్థ రాక్‌వెల్ వారి వశమైంది. 1984లో పెంటెయిర్, 2004లో బ్లాక్ అండ్ డెకర్, 2011లో తైవాన్‌కు చెందిన చాంగ్ టైప్ సంస్థ దానిని కొన్నాయి. ఇన్ని చేతులు మారిన పిమ్మట పాత జాబితాలలోని సంఖ్యలు చెల్లకుండా పోవడంలో వింత లేదు. ఒకే వంశానికి చెందిన యంత్రం ఒకచోట డెల్టా పేరుతోను, మరొకచోట రాక్‌వెల్ పేరుతోను కనిపిస్తుంది. తన యంత్రపు వంశవృక్షం ఎరుగని యజమాని ఒక్క పేరుతోనే వెదికి, లేదని నిరాశపడతాడు.

ఇక్కడ మరొక చిక్కు కలదు. పోత భాగాలపై ఉబ్బెత్తుగా కనిపించే అంకె విడిభాగపు సంఖ్య కాకపోవచ్చును. అది పోత అచ్చుకు ఇచ్చిన గుర్తు. ఒకే పోతను రెండు రకాలుగా చెక్కి రెండు నమూనాలకు వాడినపుడు పోత సంఖ్య ఒకటే ఉంటుంది, విడిభాగపు సంఖ్యలు రెండు ఉంటాయి. అందుచేత ముందుగా పేరు పలకపైనున్న నమూనా సంఖ్యను, వరుస సంఖ్యను వ్రాసుకొని, ఆ నమూనాకు చెందిన భాగాల పటాన్ని సంపాదించడం ఉత్తమం.

పటం చేతికి వచ్చిన తరువాత అసలు ప్రశ్న వేసుకోవాలి: ఇందులో ఆ సంస్థ స్వయంగా తయారుచేసినవి ఏవి? విచారించి చూస్తే అవి కొద్దిపాటివే. బల్ల, దాని క్రింది పోత చట్రాలు, ఇరుసు, ఎత్తు తగ్గించి పెంచే పళ్ల చక్రాలు, ఇంచుమించు అంతే. బేరింగులు, బెల్టులు, మరలు, స్విచ్చి, కెపాసిటరు మున్నగునవన్నీ సామాన్యంగా ఇతరుల నుండి కొని బిగించినవే. వాటికి తయారీదారు ఇచ్చిన సంఖ్య ఒక ముసుగు మాత్రమే. ముసుగు తొలగిస్తే లోపల ప్రపంచమంతటా చెల్లే కొలత ఉంటుంది. సికింద్రాబాదు రాణీగంజ్‌లోని దుకాణదారుకు యూనిసా అంటే తెలియకపోవచ్చును; 6203 అంటే మాత్రం వెనుకకు తిరిగి చూడకుండానే అరలోనుండి తీసి ఇస్తాడు.

ఈ 6203 అనే అంకెను చదవడం ప్రతి విద్యార్థి నేర్వదగినది. మొదటి 6 లోతైన గాడి గల గోళీల బేరింగును సూచిస్తుంది. 2 దాని పరిమాణ శ్రేణి. చివరి 03 లోపలి రంధ్రపు సంకేతం: 00 అయితే 10 మిల్లీమీటర్లు, 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17. అక్కడినుండి సంకేతాన్ని అయిదుతో హెచ్చించాలి. 04 అనగా 20, 05 అనగా 25. ఈ విధంగా 6203 లోపల 17, వెలుపల 40, మందం 12 మిల్లీమీటర్లు గల బేరింగు. ప్రక్కన ఉండే అక్షరాలనూ విస్మరించరాదు. జడ్ జడ్ అన్నది రేకు మూతలను, టూ ఆర్ ఎస్ అన్నది ఇరుప్రక్కల రబ్బరు మూతలను తెలుపుతుంది. రంపపు పొట్టు నిత్యం ఎగిరే చోట రబ్బరు మూతలే మేలు. బేరింగుపై అంకె చెరిగిపోయినా వెర్నియర్ కాలిపర్స్‌తో మూడు కొలతలు తీసుకొంటే చాలును.

అయితే అమెరికా యంత్రాల విషయంలో ఒక మోసం పొంచి ఉంటుంది. కొన్నిటిలో బేరింగు వెలుపలి కొలతలు 6203వే. లోపలి రంధ్రం మాత్రం అంగుళంలో అయిదు ఎనిమిదవ వంతులు, అనగా 15.875 మిల్లీమీటర్లు. వెలుపల చూసి సామాన్యమైన 6203 తెచ్చినవారికి ఇరుసు చుట్టూ మిల్లీమీటరుకు పైగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో రేకు చుట్టి బిగించే పనివారు లేకపోలేదు. అది మరమ్మతు కాదు, ప్రమాదానికి పునాది.

మరల విషయమూ ఇటువంటిదే. అర అంగుళపు మర బ్రిటిష్ విట్‌వర్త్ పద్ధతిలో అంగుళానికి 12 చుట్లు, 55 డిగ్రీల కోణం కలిగి ఉంటుంది; అమెరికా సామాన్య మరకు 13 చుట్లు, 60 డిగ్రీలు. ఒకదాని నట్టు రెండవదానిపై రెండు చుట్లు హాయిగా ఎక్కి, అటుపై బిగుసుకొంటుంది. అక్కడ పానాతో బలం చూపితే రెండూ నాశనమే. బ్లేడును బిగించే నట్టు కొన్ని యంత్రాలలో ఎడమ మరతో ఉంటుందన్న సంగతిని కూడ విప్పబోయే ముందే పరిశీలించాలి.

బెల్టులు సులభసాధ్యాలు. ఏ తరగతి బెల్టు వెడల్పు 13, మందం 8 మిల్లీమీటర్లు; బీ తరగతికి 17, 11. పాత బెల్టు సాగి ఉంటుంది కనుక దానిని కొలవక, మోటారును సర్దుబాటు గాడి నడుమ నిలిపి పుల్లీల చుట్టూ దారం పెట్టి కొలవడం మేలు. యూనిసా వంటి మూడు బెల్టుల యంత్రానికి మూడింటినీ ఒకేసారి, ఒకే జతగా మార్చాలి. ఒక్కటే క్రొత్తది వేస్తే భారమంతా దానిపైనే పడుతుంది.

మోటారు దగ్గర కొంత ఆగవలసి ఉన్నది. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్‌లు, మన దేశంలో 50. అక్కడ నిమిషానికి 3450 చుట్లు తిరిగే మోటారు ఇక్కడ దాదాపు 2875 మాత్రమే తిరుగుతుంది. వోల్టేజి సరిపోయినంత మాత్రాన చాలదు. 60 హెర్ట్జ్‌లకు చుట్టిన తీగచుట్టలు అదే వోల్టేజి వద్ద 50 హెర్ట్జ్‌లపై అధికంగా వేడెక్కుతాయి. ఇక్కడి మోటారును అమర్చి, దాని పుల్లీ వ్యాసాన్ని పూర్వపు దానికి ఆరింట అయిదో వంతుకు బదులు అయిదింట ఆరు వంతులు చేస్తే బ్లేడు వేగం యథాస్థితికి వస్తుంది. పుల్లీని చిన్నది చేయడం లెక్కలో తరచు జరిగే తారుమారు, అందుకే ఇంతగా చెప్పవలసి వచ్చింది.

ఇక నిజంగా దొరకనిది పోత భాగం. ఇక్కడ తయారీదారు మాట సత్యమే. కాని దారి మూసుకొనిపోలేదు. చెడిన యంత్రాలను విప్పి భాగాలుగా అమ్మేవారు అమెరికాలో కలరు. అది కుదరనప్పుడు పోత పోయించాలి. విరిగిన భాగాన్నే అతికి అచ్చుగా వాడితే చాలునని పలువురి అభిప్రాయం. బూడిదరంగు పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒక వంతు కుంచించుకొనిపోతుంది. 300 మిల్లీమీటర్ల భాగం 297గా దిగుతుంది. పైగా చెక్కుడుకు మిగులు ఉండదు. అందుచేత ఆ మేరకు పెంచిన కొలతలతో, చెక్కవలసిన ముఖాలపై అదనపు మందంతో చెక్క అచ్చును తయారుచేయాలి. ఆ అచ్చు వడ్రంగి పనే కావడం ఇందులోని చమత్కారం: తన రంపానికి కావలసిన ఇనుప భాగపు మొదటి రూపాన్ని వడ్రంగి తన చేతితోనే కలపలో చెక్కగలడు. మిగిలినది ఫౌండ్రీ వారి పని, ఆపై లేత్ పని. ఉర్దూ విద్యార్థులు ఖరాద్ అనే పని. హైదరాబాదు బాలానగర్ వంటి పారిశ్రామిక వాడలలో ఒక్క భాగాన్ని సైతం చెక్కి ఇచ్చే చిన్న వర్క్‌షాపులు కలవు.

చిన్న పగుళ్లకు పోత అక్కరలేదు. భాగాన్ని ముందుగా వేడిచేసి, కంచు తీగతో అతికి, మెల్లగా చల్లారనిస్తే సరిపోతుంది. కాని బ్లేడును మోసే ఇరుసు పగిలినా, వంగినా అతుకు వేయరాదు. మంచి ఉక్కుతో క్రొత్తది చెక్కించాలి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని పళ్లు సెకనుకు 53 మీటర్ల వేగంతో పోతాయి. అనగా గంటకు 190 కిలోమీటర్లకు పైగా. క్రొత్త బ్లేడు కొన్నప్పుడు దానిపై ముద్రించిన గరిష్ఠ వేగాన్ని యంత్రపు వేగంతో పోల్చి చూడడం కూడ ఈ కారణం చేతనే.

పాత యంత్రాలలో మొట్టమొదట మాయమయ్యేది గార్డు. చివర వెదికేదీ అదే. అది లేకున్నా రంపం కోస్తుంది కనుక ఎవరికీ లోటు కనిపించదు. విద్యాలయాల కమిటీ వారు పాత యంత్రాన్ని పునరుద్ధరించదలిస్తే వెచ్చించే మొదటి రూపాయి దీనికే కేటాయించడం న్యాయం. బ్లేడు వెనుక నిలిచి, కోసిన చెక్క రెండు సగాలూ ముడుచుకొని బ్లేడును పట్టకుండా కాపాడే ఉక్కు పలకను ఏ వర్క్‌షాపులోనైనా చేయించవచ్చును. దాని మందం బ్లేడు రేకు కంటె ఎక్కువగాను, పళ్లు కోసే గాడి కంటె తక్కువగాను ఉండాలి. రేకు 2.2, గాడి 3.2 మిల్లీమీటర్లయితే 2.5 మిల్లీమీటర్ల పలక సరిపోతుంది. దానిని బ్లేడుతో ఒకే గీతలో నిలిపి, రెండు బోల్టులతో బిగించి, మోటారు వేయకముందు బ్లేడును చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.