ఇంటి వైఫైకి ఏ ఛానల్ పెట్టాలి?

తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ 2018 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతోంది. అంతకుముందులా అన్నా విశ్వవిద్యాలయం దాకా పోయి కూర్చోవలసిన పని తప్పింది గాని, ఆ బరువంతా ఇంట్లో మూలనున్న వైఫై పెట్టె మీద పడింది. ఒక కౌన్సెలింగ్ సమయంలో చింతాద్రిపేట నుంచి మాకు తెలిసిన ఒక అమ్మాయి తల్లి ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, కాలేజీలు ఎంచుకునే పేజీ సగంలో ఆగిపోతోంది. రేపు సాయంత్రంతో గడువు" అన్నారు. వెంటనే వెళ్లాను.

పగలు బాగానే ఉంటుందట, సాయంత్రం ఏడు దాటితే చక్రం తిరుగుతూనే ఉంటుందట. ఇలాంటప్పుడు కంపెనీ వాళ్లను తిట్టే ముందు ఒక పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా ఆ పెట్టెకు కలిపి చూడండి. వైరుతో కూడా నెమ్మదిగా ఉంటే లోపం బయటి లైనుది. ఇక్కడ వైరు పెట్టగానే పేజీ చటుక్కున తెరుచుకుంది. అంటే లోపం రేడియోది. ఆ వైరు మూరెడే ఉంది, అదీ నేను వెంట తీసుకెళ్లింది. కాబట్టి రేడియోనే సరిచేయాలి.

వైఫై అంటే చిన్న రేడియో స్టేషనే. మన దేశంలో 2005 జనవరిలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇందులో 1 నుంచి 13 దాకా ఛానళ్లున్నాయి. అయితే ఒక్కో ఛానల్‌కు మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ప్రసారానికేమో సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. అందుకే ఒకదానికొకటి తగలకుండా మామూలుగా మిగిలేవి 1, 6, 11 మూడే.

ఫోన్‌లో వైఫై ఛానళ్లు చూపించే ఉచిత యాప్ పెట్టి చూశాను. పద్నాలుగు పేర్లు కనిపించాయి, తొమ్మిది 6వ ఛానల్‌లోనే. మన పెట్టె కూడా అక్కడే, అదీ 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో! ఇరుకు సందులో ఎడ్లబండి అడ్డంగా నిలిపినట్టు. ఖాళీగా ఉందని 3నో 4నో ఎంచుకునేవారున్నారు, అది ఇంకా చెరుపు. ఒకే ఛానల్‌లో ఉన్న పెట్టెలు ఒకదాని మాట ఒకటి విని వంతులవారీగా పోతాయి. మధ్యలో దూరితే రెండు వైపులా రొద తప్ప మాట వినబడదు.

పెట్టె అడుగున అంటించిన చీటీలో చిరునామా ఉంటుంది, చాలావాటిలో 192.168.1.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, వైర్‌లెస్ అనే పేజీకి వెళ్లి, వెడల్పు 20 చేశాను. ఛానల్ దగ్గర కొంచెం తెలివి చూపించబోయి 13 పెట్టాను. మన దేశంలో అది చెల్లుతుంది, అక్కడ ఎవరూ లేరు కూడా. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో మన వైఫై పేరే మాయం! అది మేనమామ అమెరికా నుంచి తెచ్చిచ్చినది. అక్కడి అమ్మకానికి చేసిన కొన్ని పరికరాలు 11 దాటి వెతకవు. నాలిక కరుచుకుని 11కి మార్చాను.

శక్తి అనే గడిలో చాలామంది గరిష్ఠమే పెడతారు. మంటపంలో మైకు ఎంత గట్టిగా మోగినా, వెనక వరుసలో పిల్లవాడు చెప్పే జవాబు వేదిక మీదికి వినబడదు కదా! ఫోన్ గొంతు చిన్నది. పెట్టె గొంతు ఒక్కటే పెంచితే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం జరగదు. అందుకని మధ్యస్థంగా ఉంచి, అసలు పని వేరే చేశాం. ఆ పెట్టె స్టీలు బీరువా వెనక ఉంది! రేడియో తరంగాలకు ఇనుప రేకు గోడకన్నా పెద్ద అడ్డు. పాత ఇంటి మందపు ఇటుక గోడ సరేసరి. తీసి నడవాలో తలుపు పైన పెట్టించాను. అమ్మాయి గదిలో మైనస్ 78 చూపించిన అంకె మైనస్ 61కి వచ్చింది. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు.

మీ పెట్టెలో 5 గిగాహెర్ట్జ్ ఉంటే ఒకే గదిలో చదువుకునేవారికి అదే మంచిది. 2018 అక్టోబరులో అక్కడ 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలారు, కాబట్టి రద్దీ తక్కువ. గోడలు దాటడంలో మాత్రం బలహీనం. 36 నుంచి 48 దాకా ఛానళ్లు పెట్టుకోండి. 52 పైన కొన్నిటిలో పెట్టె రాడార్ కోసం చెవి ఒగ్గి ఉంటుంది, వినిపించిందంటే ఉన్నపళంగా వేరే ఛానల్‌కు పోతుంది. దేశం అనే గడిలో ఇండియా అనే ఉంచండి. భద్రత దగ్గర కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మాయి తన ఎంపికలన్నీ నింపి, వరుస రెండుసార్లు సరిచూసుకుని లాక్ చేసింది. నా వైరు ఇంకా వాళ్లింట్లోనే ఉంది.