రాగి తీగ కొంటే నేరమా?

ప్రశ్న: కేసముద్రంలో పాత ఇనుప సామాన్ల కొట్టు నడుపుతున్నాను. ఎవరో తెచ్చిన రాగి తీగ కొంటే నాపైనా కేసు పెడతారా?

జవాబు: దొంగసొత్తని తెలిసి కొన్నా, అనుమానించాల్సిన కారణం ఉండీ కొన్నా నేరమే. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. కాల్చి నల్లబడ్డ తీగ, సగం ధరకే ఇస్తాననడం: అనుమానానికి అవి చాలవా? ట్రాన్స్‌ఫార్మర్ రాగి పోతే ఎండేది మన రైతు పొలమేనండీ! విద్యుత్ చట్టం, 2003లోని 137వ సెక్షన్ కొన్నవారికీ వర్తిస్తుంది.

మీ ఊరి మీదుగా రైలు మార్గం ఉంది కాబట్టి మరీ జాగ్రత్త. అనుమానాస్పదమైన రైల్వే సామాను మీ కొట్టులో దొరికితే, 1966 నాటి చట్టం ప్రకారం అది న్యాయంగానే వచ్చిందని మీరే రుజువు చేసుకోవాలి. మొదటి నేరానికే ఐదేళ్ల వరకు శిక్ష. పట్టాల ముక్కలు, ఫిష్‌ప్లేట్లు అసలు ముట్టకండి. అమ్మినవారి పేరు, గుర్తింపు కార్డు నకలు, తూకం, తేదీ పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి.