శిలీంధ్రాల మెరుగుదల: ఉత్పరివర్తనం, ఎంపిక

కార్తీకమాసపు వానలకు తడ ప్రాంతంలో గడ్డివామి తడిస్తే, కొద్ది రోజులకే లోపలి గడ్డి నల్లబడి, చివికి, పశువులు ముట్టనిదవుతుంది. రైతుకు అది నష్టం. విజ్ఞాన విద్యార్థికి మాత్రం అదొక రసాయన కర్మాగారం. గడ్డిలోని సెల్యులోజును శిలీంధ్రాలు సెల్యులేజ్ అనే ఎంజైములతో ఛేదించి, గ్లూకోజుగా మార్చుకొని జీవిస్తాయి.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు ఇట్లే చివికిపోయాయి. ఆ గుడ్డ నుండి వేరుచేసిన ఒక శిలీంధ్రానికి క్యూ.ఎం. 6ఎ అని సంకేతమిచ్చారు. నేటిక్‌లోని సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దానిని అధ్యయనం చేశారు. గుడారాలను కాపాడుకొనేందుకు మొదలైన పరిశోధన, ఆ శిలీంధ్రం చేతనే పని చేయించుకొనే ప్రయత్నంగా పరిణమించింది. 1977లో రీస్ గౌరవార్థం దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు.

అయితే ప్రకృతిసిద్ధమైన శిలీంధ్రం తన అవసరానికి మించి ఎంజైమును తయారుచేయదు. ఇంట బియ్యముండగా వడ్లు దంచేదెవరు? గ్లూకోజు లభించగానే అది ఉత్పత్తిని తగ్గించుకొంటుంది. పరిశ్రమకు ఈ పొదుపే అడ్డంకి.

దీనిని తొలగించే మార్గాలలో ఒకటి ఉత్పరివర్తనం. శిలీంధ్రపు సిద్ధబీజాలను అతినీలలోహిత కిరణాలకు గాని, నైట్రోసోగ్వానిడిన్ వంటి రసాయనానికి గాని గురిచేస్తారు. వాటిలో చాలా భాగం చనిపోతాయి. బ్రతికినవాటిలో కొన్నింటి జన్యువులు మారుతాయి. ఏ జన్యువు ఎట్లా మారుతుందో మన చేతిలో లేదు. మేలు చేసే మార్పులు బహు స్వల్పం. కనుక అసలు నేర్పు ఎంపికలోనే ఉన్నది. సెల్యులోజు కలిపిన యానకంపై పెంచినప్పుడు, ఎంజైము స్రవించిన మేరకు శిలీంధ్రం చుట్టూ తేటవలయం ఏర్పడుతుంది. గ్లూకోజు వలె ఉత్పత్తిని అణచే పదార్థాన్ని కూడ యానకంలో కలిపితే, అప్పటికీ వలయం ఏర్పరచగలిగిన వాటిని ఏరుకోవచ్చు.

రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మాంటెనకోర్ట్, ఈవ్లీ ఈ విధంగానే మూడు దశలలో, మొదట కిరణాలు, పిదప రసాయనం, మరల కిరణాలు ప్రయోగించి, రూట్ సి-30 అనే తెగను సాధించారు. 1979లో వెల్లడైన ఈ తెగ, మూల శిలీంధ్రం కన్న పలు రెట్లు అధికంగా సెల్యులేజ్‌ను ఇచ్చింది. గ్లూకోజు సమక్షంలో ఉత్పత్తిని అణచే క్రి1 జన్యువు అందులో కొంత తెగిపోయి ఉన్నదని 1996లో గాని తెలియలేదు. కారణం తెలియకముందే, ఓపికతో చేసిన ఎంపిక ఫలించిందన్నమాట.

నేడు సెల్యులేజ్‌లు బట్టల సబ్బు పొడులలో, జీన్స్ వస్త్రాల తయారీలో, గడ్డి నుండి ఇథనాల్ తీయడంలో ఉపయోగపడుతున్నాయి. గుడారాన్ని తిన్న బూజు పరిశ్రమకు పనిముట్టయింది. విద్యార్థులారా, వామి అడుగున చివికిన గడ్డిని పారవేసే ముందు ఒక్కసారి పరిశీలించండి. విజ్ఞానానికి తొలిమెట్టు అక్కడ కూడ ఉండవచ్చు.