భోగికి ముందే వెళ్లిరా తల్లీ

వింజమూరు

చి॥ల॥సౌ॥ మేనకోడలికి,

వచ్చే సంక్రాంతికి అందరూ వింజమూరులో కలుస్తున్నారనీ, కనుమ మరునాడు మూడు కుటుంబాలూ టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని మద్రాసు వండర్‌లాకు పోతున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పిల్లలు అప్పుడే గోడ మీది క్యాలెండర్లో రోజులు కొట్టేస్తున్నారట. పోవద్దని ఈ ఇంట్లో ఎవరూ అనరు. రోజు మార్చుకోమనేదే మీ మామయ్య మాట. ఉదయగిరి డిపోలో టికెట్లు కొట్టి రిటైరైన మనిషికి రోలర్ కోస్టర్ గురించి తెలియకపోవచ్చు గానీ, పండగ జనం ఏ రోజు ఏ దిక్కుకు కదులుతుందో తెలుసు.

మన ముక్కనుమ రోజే తమిళులకు కాణుం పొంగల్. ఆ రోజు ఇంట్లో ఉంటే పాపమన్నట్టు పట్నమంతా వీధిన పడుతుంది. పొద్దున పెద్దల ఇళ్లకు పోయి దణ్ణం పెట్టుకుంటారు. ఆ తర్వాత పులిహోర, పెరుగన్నం కట్టుకుని మెరీనా బీచికో, గిండీ పార్కుకో, వండలూరు జూకో బయల్దేరతారు. మెరీనాలో జనం సముద్రంలోకి దిగకుండా పోలీసులు కర్రలు పాతి అడ్డం కడతారు. పిల్లలు తప్పిపోతారని వాళ్ల చేతులకు ఫోన్ నంబరు రాసిన పట్టీలు కడతారు. కాణుం పొంగల్ అక్కడ ప్రభుత్వం ఇచ్చే సెలవు కూడా. 2026లో జనవరి 17న, శనివారం నాడు వచ్చింది. నెల్లూరులో కాపురం ఉన్నదానివి, నీకు వేరే చెప్పాలా? రొట్టెల పండగ నాడు బారాషహీద్ దర్గా వైపు కారు తీస్తావా? ముక్కనుమ నాడు మద్రాసుకు పోవడమూ అంతే.

ఇంకో చిక్కు దారిలోనే ఉంది. కొత్త వండర్‌లా ఉన్నది ఊళ్లో కాదు, పట్నం దాటాక పాత మహాబలిపురం రోడ్డు మీద, తిరుప్పోరూరు దగ్గర. 2025 డిసెంబరులో తెరిచారు. 64 ఎకరాల స్థలం. కొచ్చి, బెంగళూరు, హైదరాబాదు, భువనేశ్వర్ తర్వాత ఆ కంపెనీకి ఇది అయిదోది. మనవాళ్లు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి, రెడ్‌హిల్స్ ప్రాంతంలో ఔటర్ రింగు రోడ్డెక్కితే అది తీసుకుపోయి వండలూరులో దింపుతుంది. అక్కడి నుంచి కేళంబాక్కం రోడ్డు పట్టుకుని తిరుప్పోరూరు చేరాలి. జూ ఉన్నది ఆ వండలూరులోనే. కాణుం పొంగల్ నాడు ఆ కూడలిలో బండి ఇరుక్కుంటే, వెనక సీట్లో పిల్లలు ఏడుపు మొదలెడితే, డ్రైవరును తిట్టుకుని లాభం లేదు. వింజమూరు నుంచి అక్కడికి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. ఏ అడ్డూ లేకపోయినా ఆరేడు గంటలు పడుతుంది. పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చేసే ఊరు కాదది. ఈ సంగతి మీ ఆయనకు గట్టిగా చెప్పు.

మరి ఎప్పుడు పోవాలి?

పండగ ప్రయాణంలో చూసుకోవాల్సింది మన సెలవులు కాదు, అవతలి ఊరి సెలవులు. 2026 సంక్రాంతికి మన బడులకు జనవరి 10 నుంచి 18 దాకా సెలవులిచ్చారు. తమిళనాడు పిల్లలకు అర్ధసంవత్సర పరీక్షల సెలవులు డిసెంబరు చివరి వారంలో వచ్చి, కొత్త సంవత్సరం రాగానే అయిపోతాయి. జనవరి మొదటి వారంలో బడులు తెరిస్తే పొంగల్ దాకా నడుస్తాయి. అంటే భోగికి ముందు రెండు రోజులు, సోమవారం 12, మంగళవారం 13, మన పిల్లలు ఇంట్లో ఉన్నారు, మద్రాసు పిల్లలు బళ్లో ఉన్నారు. బంగారం లాంటి రోజులవి. వచ్చే ఏడు తేదీలు ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు గానీ ఈ సందు మాత్రం ఏటా దొరుకుతుంది. మన సెలవుల ప్రకటన రాగానే తమిళనాడు ప్రకటన కూడా చూసి, భోగికి ముందు రెండు ప్రభుత్వాల లెక్కా కలవని పనిదినం ఒకటి పట్టుకో.

ఆ ముందు ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే రాత్రికి కేళంబాక్కం, తిరుప్పోరూరు ప్రాంతంలో ఏదో ఒక లాడ్జిలో దిగొచ్చు. సోమవారమంతా పార్కు. ఆ రాత్రి అక్కడే పడుకుని మంగళవారం పొద్దున్నే ఇంటి దారి పట్టండి. సాయంత్రం దాకా ఆగొద్దు. ఎందుకంటే దక్షిణ జిల్లాలకు పోయే బస్సులకు 2023 డిసెంబరు 30న తెరిచిన కిలాంబాక్కం బస్టాండు వండలూరు పక్కనే ఉంది. పొంగల్‌కు సొంతూళ్లకు పోయే మద్రాసు జనమంతా భోగికి ముందు సాయంత్రాల్లో అక్కడికే చేరతారు. పొద్దున పూట ఆ గొడవ ఉండదు. మంగళవారం రాత్రికి వింజమూరులో ఉంటే, భోగినాడు తెల్లవారుజామున మంటకు పిల్లలు ఎలాగూ లేస్తారు.

ఆర్టీసీలో పనిచేసిన వాళ్లకు ఇది కొత్త విద్య కాదు. సంక్రాంతికి ముందు హైదరాబాదు నుంచి మన వైపు వచ్చే బస్సులో కాలు పెట్టే సందుండదు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరుతాయి. అదే బస్సు తిరిగి హైదరాబాదు పోయేటప్పుడు డ్రైవరు, కండక్టరు, ఏ నలుగురో. కనుమ దాటాక ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు వండర్‌లాకు గానీ రామోజీ ఫిల్మ్ సిటీకి గానీ పోదామనుకోవద్దు. పండగకు ముందు పోతే వచ్చేటప్పుడు జనం, పండగ తర్వాత అయితే పోయేటప్పుడు జనం. ఏదో ఒక పక్క ఒళ్లు హూనం కాక తప్పదు. ఫిల్మ్ సిటీలో చలికాలం పండగ సంబరాలు డిసెంబరు, జనవరి నెలల్లో జరుపుతారు. దీపాలు, ఊరేగింపులు ఉంటాయి కాబట్టి మామూలు రోజుల కంటే పొద్దుపోయేదాకా నడుస్తుంది. అవి చూడాలని ఉంటే క్రిస్మస్‌కు ముందు వారంలో పనిదినాన పోవాలి. మీ పిల్లలకు ఒకటి రెండు రోజులు బడి పోతుంది. చిన్నవాడికి పరవాలేదు, పెద్దదానికి అప్పుడు పరీక్షలుంటే ఆ మాటే ఎత్తకు. అద్దంకి, నార్కట్‌పల్లి దారిన పోయేవారికి ఫిల్మ్ సిటీ హైదరాబాదు ఊళ్లోకి అడుగు పెట్టకముందే వస్తుంది. అదొక్కటే సుఖం.

దసరా సంగతి వేరు. బతుకమ్మతో కలిపి తెలంగాణలో ఇంచుమించు రెండు వారాలు సెలవులిస్తారు, మనవీ అప్పుడే. రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకేసారి ఖాళీ. ఆ సెలవుల్లో తప్పనిసరిగా పోవాల్సివస్తే పండగ రోజే పోవడం నయం. పూజ, వంట, చుట్టాలు వదిలేసి ఎవరూ ఇల్లు కదలరు. జనం వచ్చేది మరునాడు.

దీపావళి తర్వాత టికెట్లు చవగ్గా దొరుకుతాయని మీ ఆయన అన్నాడట. చవక ఎందుకో కూడా ఆలోచించాలి గదా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకూ మద్రాసుకూ ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆగిపోయాయి. ఆ రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానుకు మద్రాసు నీళ్లలో నానింది. ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మన జిల్లాకూ కునుకు లేదు. వాన పడితే, ఉరుము ఉరిమితే ఎత్తైన ఆటలు ఆపేస్తారు. డబ్బు పెట్టి లోపలికి పోయి షెడ్డు కింద నిలబడి రావాలి. జనవరి రెండో వారానికి వానలు తగ్గుతాయి, ఎండ ఇంకా ముదరదు. నీళ్లలో ఆడే పిల్లలకు అంతకంటే మంచి కాలం ఆ ఊళ్లో లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లూ ఇదే తిప్పలు పడతారు. అక్కడ ఆఫీసులన్నీ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సందడి తగ్గి ఉంటాయి కాబట్టి మన కుర్రాళ్లు పిల్లలతో ఒర్లాండో డిస్నీకి పరిగెత్తుతారు. ఏడాది మొత్తంలో అక్కడ జనం కిక్కిరిసేది సరిగ్గా ఆ వారమే. తెలిసినవాళ్లు థాంక్స్‌గివింగ్ అయిపోయాక, డిసెంబరు మొదటి పది రోజుల్లో పోతారు. అలంకారాలన్నీ నవంబరులోనే కట్టేసి ఉంటాయి, బడులు మాత్రం నడుస్తుంటాయి. ఇంకో కిటుకు కూడా ఉంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రాత్రులు విడిగా టికెట్ పెట్టి క్రిస్మస్ పార్టీ చేస్తారు. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లను సాయంత్రం ఆరింటికే పంపేస్తారు. అందుకని చాలామంది ఆ తేదీలు మానుకుంటారు, పగలు వరసలు పొట్టిగా ఉంటాయి. జనాన్ని సరిగా అంచనా వేయలేకపోవడం డిస్నీకీ జరిగింది. 1955 జులై 17, ఆదివారం కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండ్ తెరిచిన రోజు పిలిచినవాళ్లకు తోడు దొంగ టికెట్లవాళ్లు కూడా వచ్చిపడి 28 వేల మంది అయ్యారు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు దిగబడ్డాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక గేటు దగ్గర సంగతులు. వండర్‌లాలో పిల్లల టికెట్ వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి. గేటు దగ్గర కొలబద్ద ఉంటుంది. చిన్నవాళ్లు దాని పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి మడమలు లేపుతారు, అక్కడి అబ్బాయి నవ్వుతూ భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కుతాడు. టికెట్ తక్కువ పడుతుందని సంతోషించే తండ్రి, పెద్ద ఆట దగ్గర అదే కొలత అడ్డం వచ్చి పిల్లవాడు మొహం ముడుచుకున్నప్పుడు దిక్కులు చూస్తాడు. తంజోరా అనే రోలర్ కోస్టర్ గురించి మీ చిన్నవాడు ఇప్పటి నుంచే కలలు కంటున్నాడట. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, వీలవుతుందో లేదో వాడికి ఇప్పుడే చెప్పేయి.

నీళ్లలో దిగడానికి చీరలు, పంచెలు, నూలు బట్టలు పనికిరావు. నైలాన్ బట్టలే కట్టుకోవాలి. లోపల కొట్లో అమ్ముతారు గానీ నెల్లూరులో కొనుక్కుని పోతే ఖర్చు కలిసొస్తుంది. మీ అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టదని మనందరికీ తెలుసు. జనం ఎక్కువ ఉన్న రోజు పెద్దవాళ్ల గతి సంచుల కాపలానే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని చెప్పులు లెక్కపెట్టుకుంటారు. ఆమెనూ మీ అత్తగారినీ ఆ పూట తిరుప్పోరూరు కందస్వామి గుడికి పంపు. ఓపిక ఉంటే మహాబలిపురం కూడా దగ్గరే. సంచులు లాకర్లో పడేయండి. బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి అరిసెల డబ్బా బండిలోనే ఉండాలి. నీళ్ల ఆటలు మధ్యాహ్నం మొదలవుతాయి. పొద్దున గేటు తీయగానే పోయి పెద్ద ఆటలు ముందు ఎక్కేసి, భోజనం తర్వాత నీళ్లలోకి దిగితే వరసల్లో కాళ్లు పీకవు. టికెట్లు నెట్‌లో ముందే కొను. పనిదినాన ధర తక్కువ. ఎక్కువ డబ్బు కట్టి వరస తప్పించుకునే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ జనం లేని రోజున దండగ.

వచ్చేటప్పుడు సూళ్లూరుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. చలికాలంలో గూడబాతులు, కొంగలు అక్కడ చెట్ల మీద గూళ్లు కడతాయి. 2025లో ఫ్లెమింగో ఫెస్టివల్ జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది, అప్పుడూ జనమే. పండగకు ముందు మంగళవారం పొద్దున అయితే పిల్లలు తీరిగ్గా చూడొచ్చు. గంటసేపు ఆగితే మీ ఆయన డ్రైవరును కూడా కాస్త నిద్రపోనిస్తాడు.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వింజమూరు దాటొద్దు. హైదరాబాదు, బెంగళూరు పోయిన పిల్లలందరూ ఏడాదికోసారి కలిసేది అప్పుడే. వీధిలో ముగ్గుల మీద గొబ్బెమ్మలు పెట్టే వయసు మీ పెద్దదానికి ఇంకెన్నాళ్లు ఉంటుంది?

సెలవుల ప్రకటన వచ్చిన వారంలోనే బండివాడికి బయానా ఇవ్వాలి, ఆలస్యమైతే పండగ రేటు అడుగుతాడు. ఎంతమంది వస్తున్నారో, పిల్లల ఎత్తులు ఎంతెంతో రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య