తండ్రి జ్ఞాపకము – పండ్రెండు రాళ్ల పాఠము

చదువవలసిన భాగములు: యెహోషువ 4:1–7, 1 సమూయేలు 2:27–30, 2 తిమోతి 1:3–7



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు గ్రామములలో ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించినప్పుడు, జ్ఞాపకార్థ కూటము పెట్టుకొందుము, పాటలు పాడుదుము, వచ్చినవారికి భోజనము పెట్టుదుము. సమాధికి సున్నము వేసి సిలువ నాటుదుము. ఇది మంచిదే. అయితే పది సంవత్సరములు గడచిన పిమ్మట మనుమడు ఆ సమాధియొద్ద నిలిచి, "నాయనా, మన తాత ఏమి చేసెడివాడు?" అని అడిగినయెడల, మనము ఏమి చెప్పుదుము?

యొర్దాను దాటినప్పుడు దేవుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లను తీయించెను. ఆ రాళ్లు అలంకారము కొరకు కావు. రాబోవు కాలమున పిల్లలు చూచి ప్రశ్న అడుగవలెను, పెద్దలు జరిగినదానిని చెప్పవలెను. అందుకొరకే వాటిని నిలిపిరి. చెప్పువారు లేనియెడల అవి వట్టి రాళ్లే. తండ్రి జ్ఞాపకము కూడ అట్టిదే. దీనిని గ్రహించుటకు మన తెలుగు దేశములోని ఒక తండ్రిని చూతము. ఆయన మన మతస్థుడు కాడు. అయినను ప్రభువు ప్రేమను నేర్పుటకు ఒక సమరయుని మాదిరిగా చూపెను గదా.

హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగాను, 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగాను ఉండి, 1963 జూన్ 11న మరణించు వరకు ఆ సేవను విడువలేదు. ఆయన జీవితములో మూడు సంగతులను గమనింతము.

1. ఆయన పరుల బిడ్డలకొరకు పాటుపడెను. కుఱ్ఱవాండ్రు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనని నియమము పెట్టి పోటీలు జరిపెను. బలమైన కాలు ఎట్లును ఆడును. బలహీనమైనదానికి సాధన కావలెను. ఇది మన బడులకును, సంఘములకును తగిన మాట. ఆయన పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము పొందెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో క్యాన్సరు వ్యాధి బాధించుచుండగనే జట్టును జకార్తాకు తీసికొనిపోయి, కొరియాపై 2–1తో గెలిపించి మరల స్వర్ణము తెచ్చెను. మరుసటి ఏటనే కన్నుమూసెను.

2. తండ్రి శిక్షకుడైనను కుమారునికి ఆటలో చోటు రాలేదు. 1960లో రోము ఒలింపిక్సుకు వెళ్లిన జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారు కూడ ఉండిరి. శిక్షకుడు తండ్రియే. అయినను ఆ పోటీలలో కుమారుడు ఒక్క ఆటలోనైనను దిగలేదు. ఏలీ తన కుమారులను దేవునికంటె ఎక్కువగా గొప్పచేసినందున అతని ఇంటికి ఎట్టి గతి పట్టెనో చదివితిమి. మన సంఘములలో పెత్తనము వచ్చినప్పుడు, మొదట మన ఇంటివారినే ముందు వరుసలో కూర్చుండబెట్టుచున్నామా?

3. పని చేతులు మారెను గాని ఆగలేదు. చోటు దొరకలేదని హకీముగారు ఫుట్‌బాలును విడువలేదు. వైమానిక దళములో అధికారిగా ఉండి, ఆటగాడుగా, అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడుగా పనిచేసెను. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొంది, 2021 ఆగస్టు 22న మరణించెను. తండ్రికి ఇంతకంటె గొప్ప సమాధి ఉన్నదా? లోయిలో ఉన్న విశ్వాసము యునీకేలోను, తరువాత తిమోతిలోను నిలిచినట్లే, మంచి పని ఒకరినుండి ఒకరికి దిగివచ్చును.

ఇట్టి తండ్రులు దూరదేశములలోను ఉన్నారు. కెనడాలో చలికాలమున నీళ్లు గడ్డకట్టగా, ఆ మంచుమీద పిల్లలు హాకీ ఆడుదురు. బ్రాంట్‌ఫర్డ్ పట్టణములో వాల్టర్ గ్రెట్‌స్కీ అను టెలిఫోను కంపెనీ ఉద్యోగి పెరటిలో నీళ్లు పోసి మంచు మైదానము చేసి పిల్లలకు ఆట నేర్పెను. ఆయన కుమారుడు వేన్ లోకప్రసిద్ధుడైన ఆటగాడాయెను. 2021 మార్చి 4న ఆయన మరణించినప్పుడు, ఆ దేశస్థులు తమ ఇంటి తండ్రినే పోగొట్టుకొన్నట్లు దుఃఖించిరి.

ఇప్పుడు మన యొద్దకు వత్తము. మనకు మంచు లేదు. ఎండయు, నల్లరేగడియు ఉన్నవి. వానలు తప్పిన ఏట మన కుటుంబములెన్నో మిరపకోతకు గుంటూరు వైపు సుగ్గికి పోవుచున్నవి. కొందరు పిల్లలు బడి మాని వెంట పోవుదురు. కొందరు ముసలి అవ్వ యొద్ద మిగిలిపోవుదురు. సాయంకాలము వారిని ఎవరు పిలిచి కూర్చుండబెట్టుదురు? అక్షరము ఎవరు చెప్పుదురు? గుడి ముందరి బయలులో వారితో బంతి ఎవరు ఆడుదురు? చనిపోయిన మన తండ్రులలో ఈ పని చేసినవారున్నారు. వారి సమాధికి సున్నము వేయుట సులభము. వారు విడిచిన పని ఎత్తుకొనుట కష్టము. అయితే మనుమని ప్రశ్నకు జవాబు అక్కడనే ఉన్నది. జ్ఞాపకార్థ భోజనపు ఖర్చులో కొంత తగ్గించి, పలకలకును, ఒక బంతికిని, దీపమునకును వెచ్చించినయెడల ఆ తండ్రి పేరు పిల్లల నోట నిలుచును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ తండ్రి చేసిన ఏ మంచి పని ఆయనతోనే ఆగిపోయినది? దానిని ఎవరు ఎత్తుకొనగలరు?
2. మీ గ్రామములో ఈ ఏట సుగ్గికి పోయిన ఇండ్ల పిల్లలు ఎందరు? వారి పేర్లు సంఘమునకు తెలియునా?
3. మన సంఘములో బలహీనమైన కాలు ఏది? దానికి సాధన చేయించుచున్నామా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాకు మంచి తండ్రులను ఇచ్చినందుకు నీకు స్తోత్రములు. వారిని రాళ్లతో మాత్రమే గాక, మా చేతుల పనితో జ్ఞాపకము చేసికొనునట్లు సహాయము చేయుము. పరుల బిడ్డలను మా బిడ్డలుగా చూచు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.