అమ్మ ఎక్కితే లేవని విమానం

సమస్య

మాది రాజంపేట. ఇక్కడే బడిలో టీచర్‌ని. నాకు ఒక్కడే తమ్ముడు, డాలస్ దగ్గర ఉంటాడు. సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతాడు. కొన్నేళ్ల కిందట విమానం నడపడం నేర్చుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒంటి ఇంజిన్ సెస్నా ఒకటి కొన్నాడు. శని, ఆదివారాలు అందులో తిరుగుతుంటాడు. వాడి సరదా వాడిది, మేమెవరమూ ఏమీ అనలేదు.

ఇప్పుడు సెస్నా 340 అని రెండు ఇంజిన్లది కొంటానంటున్నాడు. 1979లో తయారైన సెకండ్ హ్యాండ్ విమానం. మూడు లక్షల డాలర్లు. అంత పాతదాని మీద అంత డబ్బేమిట్రా అంటే, "అంతా అమ్మ కోసమే అక్కా" అంటాడు. ఒంటి ఇంజిన్ అంటే అమ్మ భయపడిందట, అందుకని రెండు ఇంజిన్లు. పోయినసారి ఎక్కినప్పుడు అమ్మకు చెవులు పోటెత్తాయట, అందుకని లోపల గాలి ఒత్తిడి సర్దే ప్రెషరైజ్డ్ విమానం. అమ్మను పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ఎక్కడా దిగకుండా తీసుకుపోతాడట.

డబ్బు కోసం నందలూరు దగ్గర మా నాలుగెకరాల మామిడి తోట అమ్ముదామంటున్నాడు. మా నాన్న కువైట్‌లో డ్రైవర్‌గా చేసి, ఆ డబ్బుతో కొన్న తోట అది. నాన్న పోయి ఏడేళ్లయింది. వీలునామా ఏమీ రాయలేదు. 2021లో అన్నమయ్య డ్యామ్ తెగి చెయ్యేరు తోటలో ఇసుక మేట వేస్తే, అమ్మే గాజులు తాకట్టు పెట్టి జేసీబీతో తీయించింది. "నీ వాటా తర్వాత సర్దుతా, ఇప్పటికి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టు" అంటున్నాడు తమ్ముడు. అమ్మతో ఇబ్బంది లేదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. నాకే మనసొప్పడం లేదు. మా వారేమో పుట్టింటితో పేచీ వద్దు, రాసిచ్చెయ్ అంటారు. హెలికాప్టర్ కూలిన ఆ పావురాలగుట్ట గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంకొక మాట. ఉగాదికి ముందు అమ్మ అమెరికా నుంచి తిరిగొచ్చింది. పెట్టె సర్దుతుంటే ఆమె మాత్రలు చుట్టుకొచ్చిన కాగితం దొరికింది. తమ్ముడి చేతిరాత. వాడి పేరు ఎదురుగా 182, మరదలికి 146, పిల్లలకు 108, 82, సామాను 70, అమ్మ 134. అమ్మ పేరు మీద మాత్రం అడ్డంగా గీత. ఏమిటమ్మా ఇది అంటే, "అందరి బీపీ రాసినాడు మే. నాదొకటే సరిగ్గా ఉందని గీత గీసినాడు, డాక్టరుకు చూపిద్దామని దాచిపెట్టినా" అంది. ఫోన్‌లో వాణ్ణడిగితే నవ్వాడు. "కొనబోయే విమానానికి బరువుల లెక్కలే అక్కా, పౌండ్లలో. ట్యాంకు నిండా పోస్తే ఇంక ఆరొందలే మిగుల్తుంది. అమ్మను నెక్స్ట్ ట్రిప్‌లో తీసుకెళ్తా" అన్నాడు.

సంతకం పెట్టమంటారా, వద్దంటారా?

— ఒక అక్క, రాజంపేట

సలహా

తల్లీ, ఈ వారం కట్టలో నీకన్నా పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్ల ఉత్తరాలు బోలెడున్నాయి. అయినా నీది పైకి తీశానంటే ఆ మాత్రల కాగితం వల్లే. దాని దగ్గరికి వస్తాను. ముందు నీ భయం సంగతి తేల్చేద్దాం.

పావురాలగుట్ట మీద 2009 సెప్టెంబరు 2న కూలిన బెల్ 430 హెలికాప్టర్‌కూ రెండు ఇంజిన్లే ఉన్నాయి. నడిపిందీ అనుభవం ఉన్న పైలట్లే. ఆ రోజు నల్లమల మీద వాన, మబ్బు. కాబట్టి ఇంజిన్లు లెక్కపెట్టుకుని నువ్వు భయపడనూ అక్కర్లేదు, మీ తమ్ముడు ధీమాగా ఉండనూ అక్కర్లేదు. సెస్నా 340 రెండు ఇంజిన్లతో నిమిషానికి 1,600 అడుగులకు పైగా ఎక్కుతుంది. ఒకటి ఆగిందంటే 300 అడుగుల చిల్లరకు పడిపోతుంది. సగం బలం పోతే సగం వేగంతో ఎక్కుతుందిలే అనుకుంటాం మనం. ఎక్కే శక్తిలో ఐదింట నాలుగు వంతులు ఎగిరిపోతాయి. అదీ పైలట్ తడబడకుండా, ఆగిన ఇంజిన్ ఫ్యాన్ రెక్కలను గాలికి అడ్డం లేకుండా తిప్పి, వేగం పడిపోకుండా కాచుకుంటేనే. అమెరికాలో రెండు ఇంజిన్ల లైసెన్సుకు ఇన్ని గంటలు ఎగిరి ఉండాలన్న నిబంధన కూడా లేదు, పరీక్ష నెగ్గితే చాలు. అందుకే ఇన్సూరెన్సు కంపెనీలే ఏటేటా శిక్షణ తీసుకుని రమ్మని పట్టుబడతాయి. మీవాడు ఆ శిక్షణకు పోతున్నాడా అన్నది ఒక్కటి అడుగు. పోతున్నానంటే నిశ్చింతగా పడుకో.

ఇక ధర. ఆ రకం విమానాల తయారీ 1984తో ఆగిపోయింది. ఇప్పుడు బజార్లో ఎంత కొత్తది దొరికినా నలభై ఏళ్లు దాటినదే. మూడు లక్షల డాలర్లనేది గుమ్మం దాటడానికి కట్టే డబ్బు. గంటకు 30 గాలన్ల పైచిలుకు పెట్రోలు తాగుతుంది. ఇంజిన్లు 1,400 నుంచి 1,600 గంటలు తిరిగితే విప్పి మళ్లీ కట్టించాలి, ఒక్కోదానికి లక్ష డాలర్ల దరిదాపుల్లోకి పోతుంది. అలాంటి టర్బో సెస్నాల పొగ గొట్టాలు పగిలి మంటలు రేగాయని, మాటిమాటికీ పరీక్ష చేయించాలని అక్కడి విమానయాన శాఖ 2000లో ఆర్డరు వేసింది. అమ్మేవాడి మెకానిక్ చేత కాకుండా వేరే మెకానిక్ చేత చూపించుకోవాలని వాడికి నేను చెప్పేదేముంది? సంపాదించినవాడు, సరదా ఉన్నవాడు, కొనుక్కుంటాడు. నాకు అభ్యంతరం లేదు. చెవుల మాట కూడా అబద్ధం కాదు. ఆ విమానం 20,000 అడుగుల ఎత్తున పోతున్నా లోపల గాలి 8,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఒత్తిడి మెల్లగా మారుతుంది. ముసలివాళ్లకు అది సుఖమే.

ఇప్పుడు కాగితం. ఆ లెక్క వేసినందుకు మీ తమ్ముణ్ణి తిట్టకు. సీట్లు ఆరున్నాయి కదా అని ఆరుగురినీ ఎక్కించి, ట్యాంకు నిండా పోసి, డిక్కీ నింపి లేపబోయి పోయినవాళ్లున్నారు. ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ కాగితం మీద పెట్టి కూడే పైలట్ బండి నేనైతే ఎక్కుతాను. 182, 146, 108, 82, సామాను 70. మొత్తం 588. ఆరొందల లోపే. లెక్క నిఖార్సుగా ఉంది.

కానీ ఆ కాగితం మీద కొట్టేయడానికి ఇంకేమున్నాయో చూశావా? విమానం పెట్రోలు గాలన్ ఆరు పౌండ్లు తూగుతుంది. మీ అమ్మ 134 పౌండ్లంటే 22 గాలన్లు. ఆ బండికి అది నలభై నిమిషాల ఖర్చు. డాలస్ నుంచి పిట్స్‌బర్గ్ 1,700 కిలోమీటర్లు, దాదాపు ఐదు గంటల దారి. మధ్యలో ఒకచోట దిగి పెట్రోలు పోయించుకుంటే అమ్మ పడుతుంది, ఆమె పక్కన తాళ్లపాక ప్రసాదం సంచీ పడుతుంది. పైగా అంత చిన్న విమానాల్లో సరైన మరుగుదొడ్డి ఉండదు. ఐదు గంటలు దిగకుండా కూర్చోమంటే అమ్మే వద్దంటుంది. ఆమె మోకాళ్లకూ నడుముకూ ఆ గంట మజిలీ కావాలి. "ఎక్కడా దిగకుండా" అన్నది ఎవరి కోరిక మరి? ఎక్కడా ఆగకుండా పోవడం పైలట్ ముచ్చట. పెట్రోలు తగ్గించవచ్చు. సామాను సగం ఇంట్లో పెట్టవచ్చు. వాటి జోలికి పోని పెన్ను అమ్మ పేరు దగ్గర ఆగింది. రెండో ఇంజిన్ ఎవరి భయం కోసం కొంటున్నాడో, గాలి ఒత్తిడి ఎవరి చెవుల కోసం సర్దుతున్నాడో, సరిగ్గా ఆవిడే ఎక్కడం లేదు.

వాడిలో చెడ్డతనం ఉందని నేననను. నాకు ఇష్టం, నాకు కావాలి అని నోరు విప్పి అనలేడు, అంతే. మన ఇళ్లలో మగపిల్లలకు ఆ మాట అనడం నేర్పం. నాకిష్టమంటే దుబారా అంటాం. అమ్మ కోసం అంటే అందరం నోళ్లు మూసుకుంటాం. అందుకే వాళ్లు చిన్నప్పుడే ఆ ఉపాయం పట్టేస్తారు. మీ రాజంపేట, కోడూరు, రాయచోటి దారుల్లో చూడు. కువైట్ డబ్బుతో లేచిన మేడలు, గేటు మీద పాలరాతిలో మాతృ నిలయం అని చెక్కించినవి ఎన్నో. గేటు తీసుకుని లోపలికి పోతే ఆ మాత కింద వరండాలో నవారు మంచం మీద ఉంటుంది. పై రెండు అంతస్తులకు తాళం. మెట్లెక్కలేని మనిషి కోసం మూడంతస్తులు కట్టామని చెప్పుకునే కొడుకులను నేను బోలెడు మందిని చూశాను, వాళ్లెవరూ దుర్మార్గులు కారు. నెలనెలా డబ్బు పంపుతారు, ఆదివారం వీడియో కాల్ చేస్తారు. అమ్మకేం కావాలో మాత్రం అమ్మనడగరు. అడిగితే నాకేం వద్దు నాయనా అంటుందని తెలుసు. ఆ ఒక్క జవాబును పట్టుకుని తమకు కావలసినవన్నీ ఆమె ఖాతాలో రాసేస్తారు.

తమ్ముణ్ణి అన్నానని నువ్వు తలాడిస్తూ కూర్చోకు. నీ ఉత్తరం నువ్వే ఇంకోసారి చదువుకో. "అమ్మతో ఇబ్బంది లేదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది" అని రాశావు. వాడు కాగితం మీద గీసిన గీతే నువ్వు ఉత్తరంలో గీశావు. సంతకం పెట్టాలా వద్దా అని నీ గురించి అడిగావు. అమ్మ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న నీకు తోచనే లేదు.

ఆ తోట మీ నాన్న స్వార్జితం. వీలునామా లేకుండా పోయాడు. హిందూ వారసత్వ చట్టం 1956 నాటి నుంచీ చెప్పేది ఒకటే: భార్యకు, కొడుకుకు, కూతురికి సమానం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా కోసం ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తేవలసి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మీ తోటకు ఆ తర్జనభర్జన కూడా అక్కర్లేదు. నాలుగెకరాల్లో మూడో వంతు అమ్మది, మూడో వంతు నీది, మూడో వంతు వాడిది. చట్టం మాట అటుంచినా, చెయ్యేరు తెచ్చిపోసిన ఇసుక ఎవరి గాజులతో పోయింది? అప్పుడు వాడు టెక్సస్‌లో ఉన్నాడు. నువ్వు బళ్లో ఉన్నావు. ఎండలో జేసీబీ పక్కన నిలబడి, అప్పు చేసి మరీ డ్రైవర్‌కు బాడుగ లెక్కగట్టిన మనిషిని పట్టుకుని, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుందంటావా? మేట వేసిన పొలాన్ని వదులుకుని ఊరు విడిచినవాళ్లను ఆ ఏడాది నువ్వూ చూసే ఉంటావు. ఆవిడ వదల్లేదు.

నువ్వు చేయవలసింది ఇదీ. తమ్ముడికి ఫోన్ చేయకు, ముందు అమ్మ దగ్గర కూర్చో. మీ ఆయనా పిల్లలూ లేనప్పుడు కూర్చో. ఆ కాగితం తీసి, అది బీపీ కాదమ్మా, విమానంలో ఎక్కే మనుషుల బరువులని చెప్పు. నొచ్చుకుంటుందని దాచకు. ఆమెకు తెలివి లేదని నువ్వూ అనుకుంటే తప్ప దాచాల్సిన పని లేదు. తర్వాత అడుగు: తోట అమ్మాలా? మొదట వాడిష్టం అంటుంది. ఆ జవాబు తీసుకోకు, ఇంకో రోజు అడుగు. ఈ ఏడు పూత ఎట్లుంది, తోట ఎవరికి గుత్తకిద్దాం, నువ్వుంటావా అక్కడ అని తోట మాటల్లో పెట్టి అడుగు. అసలు మాట అప్పుడొస్తుంది. అమ్మేద్దాం అంటుందేమో కూడా. వయసు మీద పడింది, కూలీలు దొరకరు, వదిలించుకుంటే బాగుండునని ఆమె మనసులో ఉండొచ్చు. అప్పుడు అమ్మండి. కొడుకు విమానం ముచ్చట తీరాలని తన వాటా తనే ఇస్తానన్నా ఇవ్వనీ, అది ఆమె సొమ్ము. కానీ ఇచ్చేది తనేనని ఆమెకూ తెలియాలి, వాడికీ తెలియాలి.

నీ వరకు హక్కు విడుదల పత్రం మీద సంతకం చెయ్యొద్దు. తర్వాత సర్దుతానన్నవాడు మంచివాడే అయినా చెయ్యొద్దు. అమ్మితే ముగ్గురూ అమ్మకందార్లుగా రిజిస్ట్రేషన్‌కు రండి, వాడు కాన్సులేట్ ద్వారా పవరాఫ్ అటార్నీ పంపుతాడు. అమ్మ వాటా డబ్బు ముందు అమ్మ ఖాతాలో పడాలి. వాడి మూడో వంతు వాడు అమెరికా పట్టుకుపోవచ్చు, వారసత్వపు సొమ్ముకు అందుకు దారి ఉంది. మిగతాదానికి అక్కడ బ్యాంకులు కార్లకిచ్చినట్టే విమానాలకూ అప్పులిస్తాయి. మీ ఆయన అన్న పేచీ మాటకొస్తే, చెల్లెళ్లూ అక్కలూ సంతకాలు పెట్టినంత మాత్రాన పుట్టిళ్లు చల్లగా ఉంటాయనుకునే మగవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

తమ్ముడికి మాత్రం ఒక మాట చేరవేయి. నాకిష్టమై కొంటున్నాను అక్కా అని వాణ్ణి ఒక్కసారి అనమను. అంటే నువ్వు ఎగతాళి చేయకు. యాభై దగ్గర పడుతున్న మనిషికి ఆకాశం మీద మోజు ఉండటం తప్పేమీ కాదు.

ఈలోగా పట్టాదారు పాస్‌పుస్తకం తీసి చూడు. నాన్న పేరే ఉంటుందనుకుంటాను. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని ముగ్గురి పేర్లూ ఎక్కించమని తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టండి, అది కాకుండా తెలివైన కొనుగోలుదారు ఎవడూ అడ్వాన్సు ఇవ్వడు. బేరమే కుదిరితే, చెట్ల మీదున్న ఈ ఏటి కాపు ఎవరు కోసుకోవాలో అగ్రిమెంటులోనే రాయించండి.